పై వరుస దానిమ్మలు

మంగళవారం, రాత్రి

దినచర్య వ్రాయునప్పుడు ముందు సత్యమును, పిదప సంజాయిషీని నమోదు చేయుట సరైన పద్ధతి. నేడు సంజాయిషీ ఏదియు దొరకలేదు.

మధ్యాహ్నం తనిఖీ అధికారి అమీర్‌పేటలోని మా పండ్ల దుకాణానికి వచ్చి, ‘మొదటి రకం’ అని ముద్రించిన దానిమ్మ పెట్టెను బోర్లించాడు. పై వరుసలోనివి పెద్దవి, అడుగువి నిమ్మకాయలంత.

“ఇదేంది భాయ్?”

“పైన మంచివి పేర్చడం మా ఆచారం సార్.”

“చట్టంల గది మోసం. రేపు మళ్ల వస్త. ఒక్క పెట్టె గిట్లున్నా దుకాణానికి సీలే.”

ఉన్న పెట్టెలన్నీ విప్పి మళ్లీ పేర్చడానికి ఈ రాత్రి చాలదు. దుకాణం మూతపడితే ఈ ఇంటికి మరో ఆధారం లేదు. భోజనం దగ్గర ఈ సంగతంతా చెప్పాను. మా ఆవిడ మాత్రం నేను జుట్టుకు వేసుకున్న రంగును చూసి నవ్వింది.

“నీ నెత్తి సుత గంతే గదా! పైన నలుపు, కింద తెలుపు. జర దానికి సుత సీలెయ్యమను.”

కావున తీవ్రంగా యోచించి నిర్ణయించడమైనది: రేపటి నుండి పెట్టెలన్నిటినీ తలక్రిందులుగా ఉంచి, అడుగు వైపు నుండే తెరవవలెను. చిన్న పండ్లు ముందు కనిపించును. పిదప పెద్దవి దొరికినందుకు ఎవరూ ఫిర్యాదు చేయరు. ఇది అంతిమం. నా తలకు వర్తించదు.