అడ్డకర్ర

ఆదివారం, నవంబరు 2004

నూకరాజు ఇవాళ గ్రౌండుకి తిరిగొచ్చాడు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆ రగ్బీ వేసవిలో మా తీరానికి వచ్చినప్పుడు, మా ఫుట్‌బాల్ జట్టును వదిలి మొదట వెళ్లింది వాడే. వాడి వెనకే మరో నలుగురు. వల లాగే భుజాలు కదా, రగ్బీ వాళ్లు ఏరుకుని మరీ తీసుకున్నారు. ఆ ఆటలోనే ఎవరో మీదపడి వాడి కుడి భుజం విరిగింది. ఆ సంగతి నాకు నిన్ననే తెలిసింది.

"మళ్లీ గోలు కాత్తాను బావా," అన్నాడు.

"గోల్‌కీపరన్నోడు ఎగిరి, రెండు సేతుల్తో గోలు పైనున్న అడ్డకర్ర ముట్టుకోవాల. మన రూలు," అన్నాను.

ఎగిరాడు. ఎడమ చెయ్యి తగిలింది. కుడిది ఛాతీ దాటి లేవలేదు. మూడుసార్లు ఎగిరించాను. అందరూ నవ్వారు, అందరికంటే ముందు నేను.

"వల ఎలాగూ లాగలేకపోతన్నాను. ఇదైనా సేద్దామని వచ్చినాను బావా," అని చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

వచ్చే బుధవారం మ్యాచ్‌కి మాకు గోల్‌కీపర్ లేడు. లేకపోతే లేకపోయాడు.

కానీ అలాంటి రూలు మాకు ఏనాడూ లేదు. ఏడేళ్లు మాకు గోల్ కాసినవాడికి ఆ మాత్రం తెలియదా? తెలిసే మూడుసార్లూ ఎగిరాడు.