అమ్మ బొటనవేలి గోరుచుట్టు

జూన్ 30, సోమవారం
అమ్మ కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు. ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసీ తీసీ ఆ గోళ్ళు ఎప్పుడో నల్లబడ్డాయి. ఇప్పుడు గోరు పక్కన వాపు. "సలిపేస్తందే..." అంది. సలపరం — పైకి అంటేనే నొప్పి వినిపించే మాట. రాసుకున్నాను.

జూలై 1
నిమ్మకాయకు చిల్లు పెట్టి, పసుపు కూరి, వేలికి తొడిగాను.
"వేలికి టోపీ ఎట్టినావేటే!" — అమ్మ నవ్వు.
బోటనీ రికార్డు వెనక గోళ్ళ చిట్కాలు రాస్తున్నాను. పుచ్చిన గోరుకు వేపనూనె. పెళుసు గోరుకు కొబ్బరినూనె. ఇప్పటికి పదకొండు చిట్కాలయ్యాయి.

జూలై 2
నొప్పి తగ్గిందట. నా వైద్యమే!

జూలై 3, గురువారం
పక్కింటి నూకరత్నం పెద్దమ్మ ఆషాఢం గోరింటాకు రుబ్బింది. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమైనా ఏటా మాకో ముద్ద ఉంచుతుంది. "గోరు పుచ్చదే, సలవ" అంది. అమ్మకు నేనే పెట్టాను. ఒక్క వేలికి కాదు — చెయ్యంతా, మణికట్టు దాటి. చలవ బాగా దిగుతుందని.

జూలై 4
ఎర్రగా పండింది. అమ్మ స్పూనుతో అన్నం తింటోంది. ఏమైందంటే — "ఏటీ నేదు, సదువుకో."

జూలై 5
ఒళ్ళు కాలిపోతోంది. ఆటోలో ఆసుపత్రికి. డాక్టరమ్మ చెయ్యి తిప్పి తిప్పి చూశారు.
"ఎరుపు ఎక్కడిదాకా పాకిందో ఈ గోరింటాకులో ఎలా తెలుస్తుందమ్మా? ఎవరు పెట్టారు?"
అమ్మ బేగి అందుకుంది — "నానే ఎట్టుకున్నానండి."

రక్తపరీక్షలో షుగర్. అమ్మకు ఉందని మాకెవరికీ తెలియదు. కోసి చీము తీశారు. గోరు ఊడుతుందట. వేలు... రెండు రోజులు చూడాలట. మణికట్టు మీద పెన్నుతో గీత గీశారు. రంగు నమ్మడానికి లేదు, తాకి చూస్తూ ఉండమన్నారు. వేడి గీత దాటితే వెంటనే విశాఖ.

జూలై 6, ఆదివారం
గంటకోసారి తాకుతున్నాను.
"నేనే పెట్టానని డాక్టరమ్మకు చెప్పేస్తానమ్మా."
"సెప్తే వాపు తగ్గుద్దేటి? ఊరుకో."
సాయంత్రం నాలుగు. గీతకు ఇవతల వేడి. అవతల... నా వేలే వేడెక్కిందేమో. గోడకు ఆనించి చల్లార్చి, మళ్ళీ పెట్టాను.
"ఎలాగుందే?" అమ్మ అటువైపు తిరిగి అడిగింది.
"చల్లగానే ఉందమ్మా."
గీత అవతలినుంచి నా వేలు తీయలేదు.