సముద్రం వైపు తలుపు

దానమ్మగారికి,

మొన్న ఆదివారం కళింగపట్నంలో మీ ఇల్లు బేరమాడటానికి రాజాం నుంచి వచ్చిన టీచర్ని రాస్తున్నాను. ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. మీ పక్కింటి గౌరి ఈ ఉత్తరం చదివి వినిపిస్తానంది.

ఆ రోజు ధర తగ్గించడానికి వంకలు వెతికాను. వెనక తలుపు సముద్రం వైపు ఉంది, వాస్తుకి పనికిరాదు, ఇటుకలు పెట్టి మూయించాలి, ఆ ఖర్చు ధరలో మీరే తగ్గించాలి అన్నాను. నేను టీ తాగడం పూర్తికాకుండానే మీరు లేచి నిలబడ్డారు. "ఆ తలుపు మూసీడానికైతే నాను ఇల్లమ్మను. ఎల్లండి" అన్నారు. ఎంత పొగరని బస్టాండు దాకా తిట్టుకున్నాను.

నిన్న గౌరి ఫోన్లో చెప్పింది. "మా దానమ్మత్త కొడుకు ధనరాజు ఆ తలుపులోంచే సేపల ఏటకెల్లినాడు మేడమ్. మూడేళ్లయింది. పడవ దొరికినాది గానీ ఆడు దొరకనేదు. అత్త ఇంకా కర్మ సెయ్యనేదు."

మీరడిగిన ధరే ఇస్తాను. తలుపు మూయించను. రాత్రిళ్లు కుక్కలొస్తాయని గడియ పెడతాను గానీ, ఎవరు తట్టినా లేచి తీస్తాను.

భావనపాడులో మీ కూతురింటికి వెళ్లేముందు ఆవిడ అడ్రసు నాకు రాయించి ఇవ్వండి. ధనరాజు ఫోటో కూడా ఒకటి ఇవ్వండి. తట్టింది ఎవరో నేను గుర్తుపట్టాలి కదా.

ఇట్లు,
ఆ రోజు నోరు జారిన టీచర్