గొడుగు ఊచల తీగ కోసం నలభై ఒక్కరి మనవి

విదేశీ మారకపు అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా గొడుగుల కార్ఖానాను మూయించిన తమ రేటు బోర్డు గురించి.

మా కార్ఖానా మూతపడి మూడు నెలలైనది. మూయించినది ఆర్థిక మంత్రిగారి మాట. ఆ మాటను రేకు మీద రాయించి మూడో కౌంటరుపై వేలాడదీసినది తమ కార్యాలయం. నలభై ఒక్కరం వీధిన పడితిమి. ఊచలు బిగించే నేను వారిలో ఒకడిని.

1. మంత్రిగారు ఎన్నికల సభలో తొడగొట్టి, "మన నోటు ఒకటికి వాళ్ళ నోటు ఒకటి! నేనుండగా ఎవడు దించుతాడో చూస్తా!" అనిరి. ఆనాడు అందరికంటే గట్టిగా ఈల వేసినది నేనే. ఒప్పుకుంటున్నాను. అప్పటికింకా ఆ విషయంపై కరపత్రాలు చదవలేదు.

2. ఊచలకు ఉక్కు తీగ విదేశం నుంచే రావలెను. దానికి వాళ్ళ నోట్లు కావలెను. బజారులో మనవి నాలుగిస్తే గాని వాళ్ళది ఒకటి రాదు. ఆ ధరకు తీగ కొని చేసిన గొడుగు చవక సరుకు ముందు నిలవదు. కావున బోర్డు రేటుకు ఇమ్మని పదకొండుసార్లు కౌంటరుకు వచ్చితిని. గుమాస్తాగారు నవ్వి, "రేటుంది బాబూ, నోటే లేదు" అనిరి.

"మరి మంత్రిగారి బావమరిదికి ఎక్కడివండీ?"

"అది వేరే ఫారం."

ఆ వేరే ఫారంతో బావమరిదిగారు ఒకటికి ఒకటి చొప్పున నోట్లు పుచ్చుకుని, తయారైన గొడుగులే ఓడల కొద్దీ దించారు. మా గుడ్డ ఖరీదుకే ఆయన గొడుగు మొత్తం వస్తుంది. ఇదెక్కడి న్యాయమండీ?

3. పని పోయినవారికి మంత్రిగారు కానుక పంచిరి. ఏమిటనుకున్నారు? గొడుగు! బావమరిదిగారి సరుకే, పైన మంత్రిగారి బొమ్మ. గుడ్డ కుట్టే మా పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి, "చెవులు కోసి కమ్మలు పెట్టినట్టుందిరా!" అంది. మొదటి గాలికే బొమ్మతో సహా వెనక్కి విరుచుకుంది. ఇప్పుడు ఆ సరుకే కొన్న ఊరంతా బాగుచేయమని మా మూసిన తలుపే తడుతోంది. పనుంది, చేతులున్నాయి, తీగ లేదు.

తీగ వచ్చిన రోజే తాళం తీస్తానని యజమాని రాసిచ్చిన కాగితం జతచేశాను. కావున బోర్డు రేటుకే మాకూ నోట్లు ఇప్పించండి. లేదా "వాళ్ళది ఒకటికి మనవి నాలుగు" అని నిజం రాయించండి. అప్పుడు బావమరిదికీ నాలుగే పడుతుంది, మిగతాది మేం చూసుకుంటాం. రెండూ కుదరవంటే ఆ బోర్డు దించి మాకివ్వండి. రేకు గట్టిది, దేనికైనా పనికొస్తుంది.

కోపంతో రాసినా ఉన్నదే రాశానని చిత్తగించవలెను.

తమ విధేయుడు (బోర్డు విషయంలో తప్ప),
ఊచలు బిగించే కుర్రాడు
(కార్ఖానాలో "కరపత్రం" అంటే ఎవరైనా చూపిస్తారు)

తా.క.: కార్ఖానా మూతపడక ముందు తమరు బాగుచేయమని ఇచ్చిన నల్ల గొడుగు మా దగ్గరే ఉంది. పదేళ్ళ నాటి మా సరుకే, ఒక్క ఊచ తప్ప అంతా దివ్యంగా ఉంది. తీగ లేక పిన్ని తన గొడుగు ఊచ పీకి వేసింది. "వానాకాలం వచ్చేస్తోంది, పెద్దాయన తడుస్తాడురా" అంది. సోమవారం ఉదయం పది గంటలకు మూడో కౌంటరు ముందు నలభై ఒక్కరం విరిగిన గొడుగులతో చేరుతున్నాం. తమరూ రండి, తమది తమరికి ఇచ్చేస్తాం. వానొస్తే మాత్రం పిన్నిని కాస్త దాని కిందికి రానివ్వండి.