ఆ పేరు నేను పిలవను

పల్సానా, సూరత్ జిల్లా

అన్నకు, నీ చెల్లె లావణ్య శనార్థులు. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదిన, పసిబిడ్డ బాగున్నారని తలుస్తాను. మేమూ బాగానే ఉన్నాం, నా గురించి బెంగ వద్దు. ఫోన్లో చెబితే నవ్వి పెట్టేస్తావు, అందుకే కాగితం తీశాను. చివరిదాకా చదువు.

మొన్న నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. “నీ వీడియోల నువ్వు పిలిచిన పేరు మస్తుగున్నది చెల్లె. మా బిడ్డకు గదే పెడుదమంటున్నది మీ వదిన. మేనత్తవు నువ్వే గద, వచ్చి తొట్టెల్ల ఏసి పిలువు” అన్నావు. ఎంత తేలికగా అన్నావన్నా! ముందే చెబుతున్నాను, ఆ పేరు నేను పిలవను.

ఇక్కడ వానలు పట్టాయి. గదిలో ఉతికిన బట్టలు ఆరి చావవు. ఆయనకు మగ్గాల పని, నాకు ఇంట్లోనే చీరలకు రాళ్ళు అతికించే పని. పప్పులో కూడా బెల్లం వేస్తారు ఈ మనుషులు, నాకు ఇంకా అలవాటు కాలేదు. పక్క గదివాళ్ళతో పలకరింపు కూడా లేదు. పోయినేడు నా బిడ్డ పుట్టిన వారానికే పోయినప్పుడు ఒక్కరూ తలుపు తట్టలేదు. తొట్టెలలో వేసే రోజు దాకా బతకలేదు కనుక దానికి పేరే పెట్టలేదు. వాళ్ళంటే పరాయివాళ్ళు. నువ్వేమన్నావు? “మళ్ళ పుడుతరు తియ్” అన్నావు.

ఆ వీడియో సంగతి విను. సూరత్‌లో మనవాళ్ళ సంఘం పండగకు హిప్నాటిజం చేసేవాణ్ణి పిలిపించారు. మనుషుల్ని నిద్రపుచ్చి ఆడిస్తాడట. నేను రానంటున్నా వినకుండా మా ఆయనే “పో, ఏం కాదు, తమాషా గద” అని స్టేజీ మీదికి తోశాడు. వాడు నా కళ్ళ ముందు వేళ్ళు ఆడించి, ఒళ్ళో దిండు పెట్టాడు. “అక్కా, గిది తకియా కాదు, నీ బిడ్డ. ఏడుస్తున్నది, జర ఊకుంచు” అన్నాడు. ఊకుంచాను. “పేరేంది బిడ్డకు? గట్టిగ పిలువక్కా” అన్నాడు. పిలిచాను. హాలంతా విరగబడి నవ్వింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. వాడికి నా సంగతి తెలియదనుకో, మా ఆయనకు తెలియదా? నీకు తెలియదా? ఆ వీడియోను నువ్వే నలుగురికి పంపావని అమ్మ చెప్పింది. సిగ్గు లేదా నీకు?

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సర్కారు దవాఖానాకు పోతే డాక్టరమ్మ కూడా కళ్ళు మూసుకోమంది, చేతులు బరువెక్కుతున్నాయి అనుకోమంది. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ అదే ఆటా అని లేచి నిలబడ్డాను. ఆమె కోపగించుకోలేదు. నీకు ఇష్టం లేనిది నీ చేత ఎవరూ చేయించలేరు, వద్దంటే ఇప్పుడే ఆపేస్తానని హిందీలో చెప్పింది. మరి ఆ రోజు వాడెలా చేయించాడని అడిగాను. అది దిండని నీకు తెలుసా, తెలియదా అంది.

తెలుసు, అన్నా. మొత్తం తెలుసు. ఫ్యాను చప్పుడు, జనం నవ్వులు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. నన్నెవడూ నిద్రపుచ్చలేదు. నీ బిడ్డను ఎత్తుకో అని అప్పటిదాకా నాతో అన్నవాళ్ళు లేరు. వాడన్నాడు, నేను ఎత్తుకున్నాను. ఈ మాట మా ఆయనకు చెప్పలేదు, నీకే చెబుతున్నాను. డాక్టరమ్మ దగ్గరికి ఇంకా పోతున్నాను, ఇప్పుడు జర నిద్ర పడుతోంది. అమ్మను భయపడొద్దను.

ఎవరైనా ఇటు వస్తుంటే మామిడికాయ తొక్కు, ఎండు మిరపకాయలు పంపించు. అమ్మకు నా దండాలు, పెద్దబాపును అడిగానని చెప్పు.

తొట్టెలకు వస్తాను. వేరే పేరు చూసి పెట్టండి, వాడకట్టంతా వినేలా నేనే పిలుస్తాను. అదే పేరంటే మాత్రం నా కోసం చూడకండి. అది ఎవరూ వాడని పేరు కాదన్నా. నా బిడ్డకు నేను పెట్టుకున్నాను, హాలు నిండా జనం విన్నారు. నువ్వూ విన్నావు, నవ్వావు.

ఇంత కోపంలోనూ నీ దీవెన కోరే చెల్లె,
లావణ్య