వారం వారం పాపం

చిరంజీవి పెద్దమ్మాయికి నాన్న దీవించి రాయునది.

ఈ ఉత్తరం ఎగ్గొడదామనే అనుకున్నాను. మీ అమ్మ కలం తెచ్చి ముందు పెట్టి, "నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అంది. ఆమె రాస్తే నా పరువు దక్కదు. ఇక్కడ ఇద్దరం కులాసా. నా మోకాలి సంగతి అడిగావు. వాన వచ్చే ముందు రోజే కబురు చెబుతోంది, ఇక రేడియోతో పని లేదు.

"జైలుకెళ్ళొచ్చినా పిలిచి పని ఇచ్చారు, వారానికోసారి లేచి నాలుగు మాటలు చెబితే ఏం పోయింది నాన్నా?" అని రాశావు. నిజమే. మూడేళ్ళ శిక్ష అనగానే మిగతా యజమానులు కుర్చీలోంచి లేచి నిలబడేవారు, మర్యాదకు కాదు. ఈ ప్రార్థనా మందిరం వాళ్ళ వడ్రంగి షెడ్డులోనే నన్ను కూర్చోమన్నారు. షరతు ఒకటే: ప్రతి ఆదివారం అందరి ముందూ నా పాపం చెప్పుకోవాలి, దాన్ని వాళ్ళు సాక్ష్యం అంటారు.

నా పాపమేమో చప్పటిది. గోదాము తాళం పగలగొట్టి రాగి తీగ ఎత్తుకెళ్ళాను, వీధి మలుపు తిరక్కముందే దొరికాను. నాలుగో వారానికి జనం ఆవలించారు. నేను చెబుతుంటే ఎవరైనా ఆవలిస్తే తట్టుకోలేనని నీకు తెలుసు. చిన్నప్పుడు కథ అయ్యేదాకా నిన్ను నిద్రపోనిచ్చానా?

ఇక దాచిన సంగతి. తాగొచ్చి మీ అమ్మను కొట్టేవాణ్ణని చెప్పాను. జనం ఏడ్చారు. బోధకుడు నా భుజం తట్టాడు. ఆపైన ఏడాది పొడుగునా, వారం తప్పకుండా కొట్టాను.

రెండు వారాల క్రితం మీ అమ్మ చెప్పకుండా వచ్చి వెనక వరసలో కూర్చుంది. ఆడవాళ్ళంతా చేతులు పట్టుకుని ఓదార్చారు. ఇంటికొచ్చాక అడిగింది: "ఏ చేత్తో కొట్టేవాడివయ్యా నన్ను?"

క్షమించమన్నాను. ఆలోచిస్తానంది.

మొన్న ఆదివారం లేచి చెప్పాను: "ఆమె మీద నేనెప్పుడూ చెయ్యెత్తలేదు, అది అబద్ధం. తీగ దొంగిలించాను, శిక్ష అనుభవించాను. దేవుడు నన్ను ఒక్కసారే క్షమించి ఊరుకున్నాడు. మీరు వారం వారం క్షమిస్తామంటే నా వల్ల కాదు."

బోధకుడు గుమ్మం దగ్గర ఆపాడు. "సాక్ష్యం చెప్పనంటే పనిలో ఎలా ఉంచుకోను బాబాయ్?"

"నేను చేసిన తలుపు సరిగ్గా పడుతుందో లేదో చూసి ఉంచుకోండి అయ్యగారూ."

నిన్న షెడ్డుకు వెళ్ళి, సగంలో ఉన్న తలుపు చట్రానికి బిగించాను. మధ్యాహ్నం బోధకుడు వచ్చి దాన్ని రెండుసార్లు తెరిచి మూశాడు. రెండుసార్లూ సరిగ్గా పడింది.

ఇట్లు,
మీ నాన్న