పూటకూళ్లమ్మ బూయా సగమే పొయ్యాలట

మిల్వాకీ, మే
శ్రీమతి వెర్నా డెల్వో గారికి,
మీ అబ్బాయి లామర్ అల్లిన, పాచికలేస్తూ తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట ‘పొగమంచు రేవు’ను అచ్చేసే హక్కు పాత కంపెనీ నుంచి మేం కొన్నాం. ఆయన పోయారని తెలిసి విచారించాం. డిసెంబరు లోపల ఆట నియమాల కొత్త పుస్తకం తేకపోతే హక్కు మీకు తిరిగొస్తుంది. తెస్తాం లెండి. ఒక్కటే చిక్కు. ఆటలో పూటకూళ్లమ్మ పోసే బూయా పులుసు తాగితే గాయాలన్నీ మానిపోతున్నాయి, ఎవరూ చావడం లేదు. ఇకమీదట సగమే పనిచెయ్యాలి.
విధేయుడు,
కర్ట్ ఎంగ్‌స్ట్రమ్, సంపాదకుడు

గ్రీన్ బే, జూన్
నాయనా కర్ట్,
ఆ పూటకూళ్లమ్మను నేనే. వాడు నన్ను చూసే రాశాడు. వాడి స్నేహితులు ఇప్పటికీ గురువారం మా నేలమాళిగలో ఆడతారు. ఇంట్లో చప్పుడుండేది ఆ పూటే. కోడీ, కూరగాయలూ వేసి బూయా కాస్తాను. నువ్వన్నట్టే సగం గిన్నె పోశాను. “ఏం తప్పు చేశామమ్మా?” అన్నాడు వాళ్లలో డ్వేన్. ఇలాగైతే వాళ్లు మళ్లీ రారు నాయనా.
ఇట్లు, లామర్ వాళ్లమ్మ
తా.క. సగం మానిన గాయానికి కట్టెవరు కట్టాలి? నేనేనా?

మిల్వాకీ, జూలై
శ్రీమతి డెల్వో గారికి,
మీరు బూయా మీద హక్కు అడుగుతున్నారని మా లాయరు అంటున్నారు. పూటకూళ్లమ్మ, పొయ్యి, గరిటె అన్నీ ఒప్పందంలో మాకే వచ్చాయి. గొడవెందుకని కొత్త పుస్తకంలో ఆ ఇంటిని డ్రాగన్ చేత తగలబెట్టిస్తున్నాం.
విధేయుడు, కర్ట్
తా.క. మీ ఇంటిని కాదు.

గ్రీన్ బే, ఆగస్టు
నాయనా,
గరిటె మా అత్తగారిది. కావాలంటే లాయరునే వచ్చి అడగమను. మావాడు రాసిన వాటిలో నేను గుర్తుపట్టగలిగింది ఆ ఇల్లొక్కటే. దాన్నీ కాలిస్తే నాకేం మిగులుతుంది? రాసేవాళ్లను ఒక గురువారం పంపు. తిని, సగం చాలని వాళ్ల నోటితో అంటే కాల్చుకో.
వెర్నా
తా.క. ఆకలితో రమ్మను.

మిల్వాకీ, డిసెంబరు
అమ్మా,
మీ దగ్గరికి పంపిన ఇద్దరు రచయితలూ ఒక్క పేజీ ఇవ్వలేదు. లాయరూ కనబడడు. మీ దగ్గరున్నారా?
కర్ట్

గ్రీన్ బే, జనవరి
నాయనా,
ఉన్నారు. వారం వారం వస్తున్నారు. సగం చాలునా అని అడిగితే, “ఇంకా తేల్చుకోలేదమ్మా, మరో గిన్నె పొయ్యండి” అంటారు. ఈలోగా గడువు దాటింది, హక్కు నాదైందని లాయరే చదివి చెప్పాడు. దాన్ని నేనేం చేసుకోను? నువ్వే అచ్చెయ్యి. నువ్వడిగినట్టు సగమే పనిచెయ్యనీ, చచ్చేవాళ్లను చావనీ. కానీ చచ్చినవాడు వెళ్లేముందు ఒక్కసారి పూటకూళ్లమ్మ దగ్గరికొచ్చి, కడుపునిండా తిని వెళ్లాలని రాయి. మావాడు చివరి పూట తినకుండానే వెళ్లాడు.
ఇట్లు, లామర్ వాళ్లమ్మ
తా.క. గురువారం నువ్వూ రా. నీ మనుషులు తింటారే గానీ గిన్నెలు కడగరు.